మేనిక పట్టిన అద్దం

మా బొలోన్యా ఊళ్లో చిత్రకారుడు ఎర్కోలే ఇంట్లో ముప్పై ఏళ్లు వంటచేసిన మేనికను ఊరంతా అద్దం మేనిక అనేది. ఆయన కూతురు ఇప్పోలితా దగ్గర బొమ్మలు నేర్చుకున్న పన్నెండుమంది ఆడపిల్లలూ అలాగే పిలిచేవారు. ఆ పిల్లల్లో ఏడుగురు తర్వాత కుంచె పట్టే బతికారు. ఆడదాన్ని గురువుగా పెట్టుకుని ఆడపిల్లలు రంగుల పని నేర్చుకోవడం అంతకుముందు మా ఊరు ఎరగదు. అదంతా ఒక దేవదూత బొమ్మతో మొదలైంది.

ఇప్పోలితా తల్లిలేని పిల్ల, మేనిక చేతుల్లో పెరిగింది. ఇరవై ఏళ్లొచ్చేసరికి తండ్రిని మించిపోయింది. అందుకే కత్తులు చేసేవాళ్ల సంఘం తమ చర్చికి సైతానును కత్తితో చంపే మిఖాయేలు దూత బొమ్మ అడిగితే, నడుంనొప్పితో మంచమెక్కిన ఎర్కోలే ఆ పని కూతురికి అప్పగించాడు. చిక్కల్లా ఒక్కటే. మగ చిత్రకారులైతే బొమ్మలు నేర్పే శాలలో బట్టల్లేకుండా నిలబడ్డ మనుషుల్ని చూసి కండలు గీస్తారు. ఆడపిల్లకు ఆ గుమ్మం తొక్కే వీల్లేదు.

"నీ చెయ్యి లేదూ? రంగులు నూరీ నూరీ రాయిలా ఉందిగా. అద్దం నేను పట్టుకుంటా, కానివ్వు," అంది మేనిక.

ఇప్పోలితా చొక్కాచెయ్యి భుజందాకా మడిచి, కుడిచేత్తో గరిటెను కత్తిలా ఎత్తి అద్దంలోకి చూసేది. ఆ వెంటనే గరిటె కిందపెట్టి నాలుగు గీతలు గీసేది. మళ్లీ గరిటె, మళ్లీ గీతలు. ఇలా ఇరవై రోజులు. అద్దం మోసి మోసి మేనిక భుజాలు పడిపోయాయి.

"సైతాను కంటే ముందు నేనే చచ్చేట్టున్నానే తల్లీ!" అని ఏడిపించేది.

సంఘంవాళ్లు చూడ్డానికొచ్చిన రోజు పొద్దున, బొమ్మ మీది గుడ్డ తీస్తూ మేనిక ఆగిపోయింది. మిఖాయేలు కత్తి ఎడమచేతిలో ఉంది! అద్దంలో కుడి ఎడమవుతుందని పనిలో పడి ఇద్దరికీ తట్టనేలేదు. చెబుదామనుకునేలోపే తలుపు చప్పుడైంది.

వచ్చినవాళ్లంతా కత్తి దగ్గరే ముక్కులు పెట్టేశారు. ఆ పిడి మా కొట్టుదంటే మా కొట్టుదని ఒకటే గొడవ. చివరికి సంఘం పెద్ద గాస్పరో, నడుం పట్టుకుని మంచం దిగొచ్చిన ఎర్కోలే భుజం తట్టాడు.

"చెయ్యంటే ఇదీ! గురువుగారి పనితనం ఎక్కడికి పోతుంది? కింద మీ పేరు రాసెయ్యండి."

"నేను గీశానండీ," అంది ఇప్పోలితా.

"ఊరుకో అమ్మాయ్. ఇలాంటి చెయ్యి ఆడపిల్ల వల్ల అవుద్దా?"

ఎర్కోలే కాదనలేదు. పొగడ్త ఆయనకు తియ్యగా ఉంది. ఇప్పోలితా కళ్లలో నీళ్లు తిరిగాయి. మేనికకు ఒళ్లు మండిపోయింది. తప్పు బయటపెడితే బొమ్మే వద్దనొచ్చు, దాచితే పిల్ల పేరు పోతుంది. ఇక ఆగలేకపోయింది.

"అయ్యలూ, పిడి సంగతి సరే, కత్తి ఏ చేతిలో ఉందో చూశారా?"

అందరూ చూశారు.

"అయ్యగారు శాలలో మనుషుల్ని చూసి గీస్తారు. ఆయనకు ఈ తప్పెందుకొస్తుంది? పాపం దీనికి అద్దం తప్ప దిక్కులేదు. కుడిచేత్తో గరిటె ఎత్తింది, అద్దంలో ఎడమచెయ్యి కనబడింది. చూసింది చూసినట్టు గీసింది. ఆ అద్దం ఇరవై రోజులు మోసింది నేను!"

గాస్పరో గడ్డం గోక్కున్నాడు. ఉన్నట్టుండి పకపకా నవ్వి తనవాళ్ల వైపు తిరిగాడు.

"ఎడమచేతివాటం వాడితో కత్తియుద్ధం చేశార్రా ఎప్పుడైనా? దెబ్బ ఎటునుంచొస్తదో సైతానుగాడికి మాత్రం ఏం తెలుస్తది! ఉండనీ, మార్చకు. అమ్మాయ్, నీ పేరు రాయి."

ఇప్పోలితా రాసింది. మేనిక నడుమ్మీద చేతులేసుకుని ఎర్కోలే వైపు తిరిగింది.

"నాకు అక్షరమ్ముక్క రాదు. ఏం రాసిందో చదవండి అయ్యగారూ."

ఆయన నేల చూపులు చూస్తూ గొణిగాడు.

"వినబళ్లేదు," అంది మేనిక.

ఎర్కోలే తలెత్తి బొమ్మ వంక చూశాడు, కూతురి వంక చూశాడు. అక్కడున్న రంగు గుడ్డతోనే కళ్లు తుడుచుకుని, వీధిలోకి వినబడేలా చదివాడు: "ఎర్కోలే కూతురు ఇప్పోలితా గీసినది."