మొలతాటికి కట్టిన ప్లగ్గు

బాలనర్సయ్యకు అనుమానం పుట్టుకతోనే వచ్చిందని అతని మేనత్త అనేది. పాలు తాగేటప్పుడు కూడా ఒక కన్ను తెరిచే ఉంచేవాడట! అది నిజమో కాదో గానీ, పెద్దయ్యాక మాత్రం ఆ కన్ను మూతపడగా ఎవరూ చూడలేదు. చందానగర్‌లో బొంబాయి రోడ్డు పక్కన అతనికి మోటారు సైకిళ్ళు బాగుచేసే రేకుల షెడ్డు ఉండేది. ఎవరైనా చాయ్ తెచ్చిస్తే, ముందు తెచ్చినవాణ్ణి ఒక గుక్క తాగమని, ఆ తర్వాత తాను తాగేవాడు. బండి ఇచ్చినవాళ్ళు పక్కన నిలబడి చూస్తుంటే పని నేర్చుకుపోతారని అనుమానం. చూడకుండా వెళ్ళిపోతే, తన మీద ఇంత నమ్మకం ఎందుకని అనుమానం. ఏం చెయ్యాలి అలాంటి మనిషిని!

అతని ఇల్లు నానక్‌రామ్‌గూడలో. ఇంట్లో అతనూ, భార్య రుక్కమ్మా. రుక్కమ్మ ఊరవతల ద్రాక్షతోటలో కూలికి పోయేది, తీగలు కట్టడానికీ మందు కొట్టడానికీ. వాళ్ళిద్దరితో పాటు ఆ ఇంట్లో మూడో ప్రాణి ఒకటుండేది. అదే బండి.

యుద్ధం రోజుల్లో పటాలం కోసం ఇంగ్లండు నుంచి దిగిన చిన్న మోటారు సైకిలు అది. పెట్రోల్లోనే నూనె కలిపి పోయాలి, టాంకీ పక్కన చేత్తో గేరు వెయ్యాలి. నార్సింగిలో ఒక మేకల దొడ్డిలో, చొప్పకట్టల కింద తుప్పుపట్టి పడి ఉంటే అతని కంట పడింది. పాత ఇనుముకు అమ్ముకుంటానని అబద్ధమాడి తెచ్చుకున్నాడు. బాగుచేస్తానంటే దొడ్డివాళ్ళు ఎక్కడ మనసు మార్చుకుంటారోనని భయం. అలాంటి బండ్లు తయారుచేయడం ఎప్పుడో మానేశారు, సామాను ఎక్కడా దొరకదు. గురువారం గురువారం షెడ్డు మూసి, పట్నంలో జుమేరాత్ బజార్‌కు పోయి, పాత సామాన్ల గుట్టల్లో చేతులు పెట్టి కెలికేవాడు. పిస్టన్ ఒక గుట్టలో దొరికింది. రింగులు వేరే ఇంజన్‌వి తెచ్చి ఆకురాయితో అరగదీసి సరిపెట్టాడు. క్లచ్‌లో ఉండాల్సిన బెండు ముక్కలకు బదులు మందు సీసాల బిరడాలు కోసి బిగించాడు. ఇలా ఏళ్ళకేళ్ళు పట్టింది.

అన్నీ కుదిరాక, ఇంజన్‌లో నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గు దగ్గర పని ఆగిపోయింది. ఇప్పటి ప్లగ్గులన్నీ సన్న మరవి, దీనికేమో పాతకాలపు లావు మర ప్లగ్గు కావాలి. దానికోసం పట్నమంతా జల్లెడ పట్టాడు. చివరికి జుమేరాత్ బజార్‌లో ఒక ముసలాయన, సామాను పరిచిన గుడ్డ గాలికి లేవకుండా మూలన ఏదో ఇనుప ముక్క బరువు పెట్టుకున్నాడు. చూస్తే అదే ప్లగ్గు! బాలనర్సయ్యకు గుండె ఆగినంత పనైంది. అయినా మొహంలో ఏమీ కనపడనివ్వలేదు. పక్కనున్న పగిలిన లాంతరు బేరమాడి కొని, "గది గూడ ఇయ్యి తాతా, మా పిల్లగాడు ఆడుకుంటడు" అన్నాడు. అతనికి పిల్లలే లేరు.

ఆ ప్లగ్గు పెట్టి తన్నితే బండి గుప్పున పొగ వదిలి లేచింది. ఇక చూసుకోండి, ఆ రోజు నుంచీ అతనికి కంటిమీద కునుకు లేదు. ఎవరైనా ఎత్తుకుపోతే? బండి నిలిపిన ప్రతిచోటా ప్లగ్గు ఊడదీసి, మొలతాటికి కట్టుకొని, పైన చొక్కా కప్పుకునేవాడు. షెడ్డుకు బండి మీదే పోయేవాడు గానీ, గురువారం మాత్రం దాన్ని ఇంట్లో వదిలి, నార్సింగి దాకా నడిచి బస్సెక్కేవాడు. జుమేరాత్ బజార్‌కు బండి తీసుకుపోతే, అటు తిరిగి ఇటు తిరిగేలోగా తన బండినే తనకు ముక్కలుముక్కలుగా అమ్మేస్తారని అతని నమ్మకం. అలా బండి ఇంట్లో ఉండేది, ప్లగ్గు మాత్రం అతని నడుముకు వేలాడుతూ పట్నం పోయి వచ్చేది.

వెనక ఒక ఇనుప చట్రం ఉండేది గానీ దాని మీద ఎవరినీ కూర్చోనిచ్చేవాడు కాదు. కోస్తా నుంచి వచ్చి చందానగర్ అవతలి పెద్ద కంపెనీలో పనిచేసే కామేశ్వరరావు, తన బండి బాగుకు షెడ్డులో వదిలిన రోజు, "వాన వచ్చేలా ఉందయ్యా బాలనర్సయ్యా, బస్టాపు దాకా కాస్త వెనక ఎక్కించుకోవూ?" అని బతిమాలాడు.

"సామాన్లకే సార్ గది. మనిషి బరువుకు ఇంజన్ ఖరాబైతది."

రుక్కమ్మ అయితే అడగడం ఎప్పుడో మానేసింది. అంగడికైనా, చెల్లెలి ఊరికైనా ఎండలో నడిచే పోయేది.

ఇలా ఉండగా ఒక గురువారం సాయంత్రం పట్నం నుంచి తిరిగొచ్చి, అలవాటుగా ఇంజన్ మీద చెయ్యి పెట్టాడు. వెచ్చగా ఉంది. ఉలిక్కిపడి మొలతాడు తడుముకున్నాడు. ప్లగ్గు ఉంది. మరి ఇంజన్ ఎలా కాలింది?

"ఎండకు కాలిందేమో" అంది రుక్కమ్మ, పొయ్యి దగ్గర నుంచి లేవకుండానే. బండి ఉన్నది నీడలో.

తర్వాతి గురువారం టాంకీలో పుల్ల ముంచి, తడి ఎంతవరకుందో గీత గీసుకొని పోయాడు. వచ్చేసరికి పెట్రోలు దిగింది. ఆ పై వారం అడుగులు పడతాయని బండి చుట్టూ పొయ్యి బూడిద చల్లి పోయాడు. వచ్చేసరికి వాకిలంతా ఊడ్చి, పేడనీళ్ళ సాన్పి చల్లి, ముగ్గేసి ఉంది.

"వాకిట్ల బూడిద పోస్తే ఊడ్వకుంటరా?" అంది రుక్కమ్మ. నిజమే కదా!

ఊళ్ళో ఆరా తీయడం మొదలుపెట్టాడు. పక్కింటి సీతాబాయి "నాకేం దెల్వది బిడ్డా" అని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆమె నవ్వుతోందా, దగ్గుతోందా? తోటలో రుక్కమ్మతో కలిసి మందు కొట్టే ఎల్లేశం ఎదురుపడి, "నర్సన్నా, నీ బండి జర పొగ ఎక్కువ కొడుతున్నది. నూనె ఎక్కువైందేమో చూస్కో" అన్నాడు.

"నువ్వెప్పుడు చూసినవ్‌రా?"

ఎల్లేశం గతుక్కుమన్నాడు. "గట్లనే... పోతుంటే చూసిన" అని గబగబా వెళ్ళిపోయాడు. ఊరంతా కలిసి తన దగ్గర ఏదో దాస్తోందని బాలనర్సయ్యకు రూఢి అయిపోయింది. నిజం చెప్పొద్దూ, ఆ ఒక్క అనుమానం అక్షరాలా నిజం.

ఆ తర్వాత బండి హ్యాండిల్ మీద నీలపు మరక కనిపించింది. మైలుతుత్తం. ద్రాక్షతీగల మీద కొట్టే మందులో కలిపేది అదే. ఎల్లేశం చేతులకు ఎప్పుడూ ఆ నీలం ఉంటుంది. అంటే వాడే వస్తున్నాడు. ప్లగ్గు ఎక్కడో సంపాదించాడు, తాను లేని రోజు చూసి వస్తున్నాడు. వచ్చేది బండి కోసమేనా? లేక...

ఆ "లేక" దగ్గర అతనికి అన్నం సహించడం మానేసింది. అవును మరి, రుక్కమ్మ ఈ మధ్య పనిచేస్తూ కూనిరాగాలు తీస్తోంది. గురువారం వస్తే ఆమె మొహంలో ఏదో కళ. అడుగుదామంటే, అవునంటుందేమోనని భయం. బండి పోతే మళ్ళీ తుప్పు నుంచి మొదలుపెట్టుకోవచ్చు. రుక్కమ్మ పోతే ఎక్కడ వెతుక్కుంటాడు? జుమేరాత్ బజార్‌లో దొరికే మనిషా ఆమె? 

ఆ గురువారం "పట్నం పోతున్న" అని చెప్పి బయల్దేరి, ఊరు దాటాక చుట్టు తిరిగొచ్చి, ఇంటి వెనక బండరాళ్ళ మధ్య సీతాఫలం పొదల చాటున నక్కి కూర్చున్నాడు. చేతిలో షెడ్డులోకెల్లా పెద్ద పానా. ముందు ఎల్లేశం తల పగలగొట్టాలి, తర్వాత రుక్కమ్మను పుట్టింటికి తోలేయాలి. అంతా నిశ్చయించుకునే వచ్చాడు. ఎండలో మాడిపోతూ, వాకిలి మీద నుంచి చూపు తిప్పకుండా కూర్చున్నాడు.

మధ్యాహ్నం అన్నం వేళకు రుక్కమ్మ తోట నుంచి వచ్చింది. ఒక్కతే. ఇంట్లోకి పోయి బయటికి వచ్చింది. చేతిలో ప్లగ్గు! లావు మర ప్లగ్గు! బాలనర్సయ్య చెయ్యి దానంతటదే నడుము మీదికి పోయింది. తనది తన దగ్గరే ఉంది.

ఆమె చీర గోచి బిగించింది. ప్లగ్గు పెట్టి పానాతో బిగించింది. కార్బురేటర్ మీది బొడిపె నొక్కి పెట్రోలు పొంగించింది. తన్నబోయే ముందు టాంకీని అరచేత్తో రెండుసార్లు తట్టింది. అలా తట్టే అలవాటు తనకుందని బాలనర్సయ్యకు ఆ క్షణం దాకా తెలీదు. ఒక్క తన్నుకే బండి లేచింది. అతను తన్నితే ఏనాడూ ఒక్క తన్నుకు లేవలేదు.

అతను నోరెళ్ళబెట్టి, ఇంకా బాగా చూద్దామని ముందుకు వంగి, బండ సందులో చెయ్యి ఆనించాడు. చురుక్కుమంది. లాగేసుకొని చూస్తే, సందులోకి జారిపోతున్న తోక కనిపించింది.

అరవాలా, వద్దా? అరిస్తే దాక్కున్న సంగతి బయటపడిపోతుంది. చూడండి మరి, పాము కరిచినవాడికి వచ్చే ఆలోచనా అది! బండి కదిలి తోవెక్కుతుండగా అప్పుడు ప్రాణభయం పట్టుకుంది.

"రుక్కా!"

ఆమె బండి ఆపి వెనక్కి చూసింది. "పట్నం పోలేదా? గీ రాళ్ళల్ల ఏం జేస్తున్నవ్?"

"పాము... పాము కరిసింది."

రుక్కమ్మ మొహం తెల్లబోయింది. పరిగెత్తుకొచ్చి, కొంగు చింపి, మోచేతి పైన గట్టిగా కట్టింది. కింద పడి ఉన్న పెద్ద పానాను ఒకసారి చూసింది.

"లే. బండెక్కు."

"ఎల్లేశంను పిలువు. వాడు నడుపుతడు..."

"ఎల్లేశంకు సైకిల్ గూడ రాదు. ఎక్కుమంటున్న నీకే!"

ఎక్కాడు. ఆ ఇనుప చట్రం అంత గట్టిగా ఉంటుందని, గుంత గుంతకూ నడుములు విరుగుతాయని అతనికి అప్పుడు తెలిసింది. బిగించింది తానే గానీ ఒక్కసారీ దాని మీద కూర్చున్న పాపాన పోలేదు. ఊరి మధ్య నుంచి పోతుంటే జనం నిలబడి చూశారు. బండి నడుపుతున్న రుక్కమ్మను చూసి ఒక్కరూ ఆశ్చర్యపోలేదు. అందరూ వింతగా చూసింది వెనక కూర్చున్న బాలనర్సయ్యను.

చందానగర్ అవతలి కంపెనీ దవాఖాన దాకా పోవాలి. తోవంతా రాళ్ళే. అతని కనురెప్పలు బరువెక్కుతున్నాయి.

"నిద్రపోకు! ఏమన్న మాట్లాడు!" అని అరిచింది రుక్కమ్మ.

ఆ మనిషికి మాట్లాడటమంటే ఇంకేముంటుంది? ఆరా తీయడమే. "ప్లగ్గు యాడిది?"

"తోటల పాత మందు కొట్టే మిషన్ ఉండె. కొత్తది తెచ్చినంక మూలకు పడేసిన్రు. దాని ఇంజన్ల ఉండె గీ ప్లగ్గు. రోజు నువ్వు తుడుసుకుంట కూసుంటవ్ గదా, చూడంగనే గుర్తువట్టిన. తోట పటేల్‌ను అడిగితే తీస్కపొమ్మన్నడు."

అతను పట్నమంతా జల్లెడ పట్టిన వస్తువు, పెళ్ళాం పనిచేసే తోటలో తుప్పుపడుతూ ఉందన్నమాట!

"నాకెందుకు చెప్పలే?"

"చెప్తే గది గూడ మొలతాటికి కట్టుకుందువు."

నిజమే. కట్టుకునేవాడే. 

"మరి... ఎందుకు నడిపినవే? నాకు తెల్వకుండ?"

రుక్కమ్మ చెయ్యి కిందికి పోయి గేరు మార్చింది. పొగ కళ్ళకు కమ్ముకుంది.

"ఒక్కనాడన్న ఎన్కాల కూసోమన్నవా?"

చేతినొప్పి కంటే ఆ మాట ఎక్కువ కాల్చింది. ఇన్నేళ్ళూ దొంగ ఎవరా అని ఊరందరినీ చూశాడు గానీ, ఎండలో నడిచిపోయే పెళ్ళాన్ని చూడలేదు. సిగ్గుతో, ప్రేమతో, చావు భయంతో అతనికి ఏడుపొచ్చింది. తల ఆమె వీపుకు ఆనించాడు.

"ఓ అయ్యా, నిద్రపోకు!" రుక్కమ్మ కూడా ఏడుస్తోంది, బండి మాత్రం ఎక్కడా తడబడలేదు.

"నిద్ర గాదే" అన్నాడు.

దవాఖానలో సూదులిచ్చారు. చెయ్యి చాలా రోజులు కుండలా వాచి ఉంది గానీ మనిషి బతికి ఇంటికొచ్చాడు. చెయ్యి ఆడగానే చేసిన మొదటి పని, ఆ ఇనుప చట్రం ఊడదీసి మెత్తటి సీటు వేయడం. తర్వాతి కాలంలో గురువారాల్లో ఇద్దరూ బండి మీదే జుమేరాత్ బజార్‌కు పోయేవాళ్ళు. రుక్కమ్మ నడిపేది. ఆమె పోయి గుట్టల్లో సామాను వెతుకుతుంటే, బాలనర్సయ్య బండి మీద కాపలా కూర్చొని, వచ్చేపోయేవాళ్ళందరినీ దొంగల్ని చూసినట్టు చూసేవాడు. అది మారలేదు, మారుతుందని మీరూ అనుకోకండి.

దవాఖాన నుంచి వచ్చిన రోజు అన్నం తింటూ, మొలతాటి ప్లగ్గు విప్పి ఆమె ముందు పెట్టాడు.

"నీది నువ్వే ఉంచుకో. నాది నాకున్నది" అంది రుక్కమ్మ.

ఎక్కడ దాస్తుంది? చిన్న ఇల్లు, తనకు తెలీని మూల లేదు. అతని కళ్ళు అలవాటు కొద్దీ గూట్లోకి పోయాయి, ఉట్టి మీదికి పోయాయి, బియ్యం కుండ మీదికి పోయాయి. అడుగుదామని మాట నాలుక చివరి దాకా వచ్చింది. రుక్కమ్మ గరిటె పట్టుకొని, ఆ మాట కోసమే చూస్తున్నట్టు చూస్తోంది.

బాలనర్సయ్య తల దించుకున్నాడు.

"జర కూర ఎయ్యి" అన్నాడు.