ఆ బాణీ వచ్చినవాళ్లు ముగ్గురు

ఆ బాణీ మా హార్మోనియం వాళ్లలో ఎంతమందికి వచ్చని అడిగితే, సూర్యాపేట నుంచి మిర్యాలగూడ దాకా అందరూ నాకొచ్చంటే నాకొచ్చనేవాళ్లు. అబద్ధం. వచ్చినవాళ్లం ముగ్గురమే. కట్టినవాడు, నేను, ఆత్మకూరులో ఇంకొకడు. ఆ ఆత్మకూరు అతను నేర్చుకున్న ఏడాది తిరక్కుండానే జ్వరంతో పోయాడు.

కట్టినవాడు మిర్యాలగూడ రైసుమిల్లులో పనిచేసే మనిషి. నాటకాల్లో వాయించే కాళ్ల హార్మోనియానికి గాలి తిత్తిని కాళ్లతో తొక్కుతాం కాబట్టి రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. అతను ఎడమ చేతికి మూడు లెక్క, కుడి చేతికి నాలుగు లెక్క పెట్టి, తెర లేచే ముందు వాయించడానికి ఓ కొత్త బాణీ కట్టాడు. మధ్యలో ఒకచోట కుడి బొటనవేలు నడిమి వేలి కిందినుంచి దూరి పై మెట్టు అందుకోవాలి. అది తప్పితే రెండు చేతులూ ఒకదాన్నొకటి తన్నుకుంటాయి. రాసుకుని నేర్చుకుందామంటే మాలో ఎవరికీ అక్షరం ముక్క రాదు. నేను పలక పట్టిందే నలభై దాటాక. అతని పక్కన నెలల తరబడి కూర్చుంటేనే వచ్చేది. నేనొక వానాకాలమంతా రాత్రిళ్లు కూర్చున్నాను. ఆ సంగతి ఎవరికీ తెలియదు, ఏ నాటకంలోనూ ఇంకా వాయించలేదు.

రాదని ఒప్పుకోవడం మాలో నామోషీ. నాటకం ఆడించేవాళ్లు ముందుగా "ఆ బాణీ వస్తదా?" అనే అడిగేవాళ్లు. కోదాడలో ఒకాయన ఉండేవాడు, నాకన్నా పదేళ్లు పెద్ద. పద్యానికి వాయించడంలో మంచి చెయ్యి. ఆ బాణీ గురించి అందరికంటే గట్టిగా చెప్పుకునేవాడు. "అదెంతండీ, నిద్దట్లో వాయిస్తాను" అనేవాడు. తీరా వాయించమంటే హార్మోనియం పెట్టె శ్రుతి బాగోలేదనేవాడు. మేం నవ్వుకునేవాళ్లం.

తర్వాత కట్టినవాడు మిల్లు మానేసి, దొరల మీద తిరగబడ్డ సంఘంలో కలిశాడు. పాలకీడు వైపు ఉన్నాడని కొందరు, కృష్ణ దాటాడని కొందరు అన్నారు. అతన్ని పట్టుకోవడానికి సూర్యాపేట పోలీసు క్యాంపుకి కొత్త అమీను వచ్చాడు. పాటంటే చెవి కోసుకునే మనిషి. అదే మా కొంప ముంచింది. పక్కన కూర్చోనిదే ఆ బాణీ రాదని ఎవరో అతని చెవిన వేశారు. ఇక లెక్క తేలికే. బాణీ వచ్చినవాడు కట్టినవాడి మనిషి, వాడికి అతని జాడ తెలుసు.

హార్మోనియం వాళ్లను ఒక్కొక్కరినే పిలవడం మొదలైంది. నిన్నటిదాకా అందరికీ వచ్చిన బాణీ వారం తిరిగేసరికి ఎవరికీ రాకుండా పోయింది. తిరుమలగిరిలో ఒకడు పెట్టెను బావిలో పడేశాడు. కోదాడ ఆయన మాత్రం ఎట్లా కాదనగలడు? ఆయన గొప్పలు వినని ఊరు లేదు.

నన్ను పిలిచిననాడు పట్టపగలు, క్యాంపు వరండాలో ఆయన్ని అప్పటికే పెట్టె ముందు కూర్చోబెట్టి ఉన్నారు. చొక్కా వీపుకి అంటుకుపోయి ఉంది. నన్ను ఎదురుగా నేలమీద కూర్చోమన్నారు.

"ఏడాది సంది వస్తదన్నోడు ఇయ్యాల రాదంటున్నడు," అన్నాడు అమీను నాతో, మెల్లగానే. "నువ్వు పెట్టె వాయించేటోనివి గద. జర విని చెప్పు. నాటకమాడుతున్నడా, నిజంగనే రాదా?"

ఆయన మొదలుపెట్టాడు. రెండు లెక్కలు కలిసే చోట చేతులు తడబడ్డాయి. బొటనవేలు దూరాల్సిన చోట చూపుడువేలు ఎత్తి దూకాడు. తెలిసినవాడు కావాలని తప్పు వాయిస్తే వేలు ముందు సరైన దారిన కదిలి, ఆ తర్వాత తప్పుతుంది. ఆయన వేళ్లకు దారే తెలియదు. ఆ ఒక్క మాట చెబితే ఆయన ఇంటికి పోతాడు. చెబితే ఆ దారి నాకు తెలుసని తేలుతుంది.

"బుద్ధి గడ్డి తిని గొప్పలు చెప్పుకున్నాను సాబ్," అని ఆయన నావైపు తిరిగాడు. "తమ్ముడూ, నువ్వన్నా చెప్పు. నాకు రాదని చెప్పు నాయనా."

"నాకా బాణీయే తెల్వదు సాబ్," అన్నాను. "తెల్వనిది తప్పో ఒప్పో ఎట్ల చెప్పాలె?"

అమీను నవ్వాడు. "సూసినవా? నీ దిక్కు మాట్లాడెటోడు ఒక్కడు లేడు," అని ఆయనతో అని, మళ్లీ వాయించమని, నన్ను పొమ్మన్నాడు. నేను గేటు దాటకముందే పెట్టె చప్పుడు ఆగింది. వెనక్కి తిరగలేదు. భయపడ్డాను, అంతే. దానికి ఇంకో పేరు పెట్టను.

నవాబు పోయి రాజ్యం మారాక ఆయన్ని వదిలారని విని కోదాడ పోయాను. మంచం మీద కూర్చుని ఉన్నాడు. కుడి చేతి రెండు వేళ్లు ఇక మడత పడవు. "అన్నా" అని మంచం పక్కన నేలమీద కూర్చున్నాను.

"నీకు వచ్చని ఆ రోజే తెలిసిందిలే," అన్నాడు ఆయన. "నేను తప్పిన చోట నీ బొటనవేలు మోకాలి మీద కదిలింది. చూశాను."

"మరి అమీనుకు చెప్పలేదేందన్నా?"

"చెబితే నిన్నూ లోపలేస్తారు. నాకు రాదని చెప్పగలిగినవాడివి బయట నువ్వొక్కడివే కదరా! ఇవాళ వస్తాడు, రేపు వస్తాడు అని గేటు వంక చూస్తూ కూర్చున్నాను."

ఆయనే గోడ వారనున్న పెట్టె చూపించాడు. "ఇప్పుడన్నా వాయించు. అదెలా ఉంటుందో మొత్తంగా నేనెప్పుడూ వినలేదు."

మూత ఎత్తి కూర్చున్నాను. తిత్తి మీద కాలు పెట్టాను. రాజ్యం మారింది గాని కట్టినవాడి కోసం వెతకడం మానలేదు. బెజవాడ రోడ్డు మీద జీపు ఒకటి వస్తోంది. వీధి మొదట్లో కాసేపు ఆగింది. నేను మూత దించాను.

జీపు వెళ్లిపోయింది. ఆయన నా చేతుల వంకే చూస్తున్నాడు. నేను మళ్లీ మూత ఎత్తలేదు.