ఎనభై ఒక్క వేల లడ్డు

మోతీరాం మీద నాకు కోపం ఇంకా చల్లారలేదు. రెండు నెలలు గడిచాయి. పొద్దున అతను ఆటో స్టార్ట్ చేసిన చప్పుడు వినబడితే చాలు, నా చేతిలో చీపురు ఆగిపోతుంది.

మా ఇంటి వెనక రెండు గదుల్లో ఏడేళ్లుగా కిరాయికి ఉంటున్నాడు. కోటగిరి అవతల తండా అతనిది. బాన్సువాడ నుంచి కోటగిరికి షేర్ ఆటో నడుపుతాడు. ఆటో మాత్రం లక్‌పతిది. ఇద్దరిదీ ఒకే తండా, వరసకు బావలు. లక్‌పతికి అలాంటివి నాలుగు ఆటోలున్నాయి. రోజుకు నాలుగు వందల యాభై అతని చేతిలో పెట్టి, డీజిల్ పోయించుకున్నాక మిగిలితే మోతీరాంకు. ఎక్కేవాళ్లు లేక ఖాళీగా తిరిగిన రోజు కూడా ఆ నాలుగు వందల యాభై తప్పదు.

మోతీరాం భార్య దేవ్లి రైస్‌మిల్లులో పని చేస్తుంది. పొద్దున ఆరింటికి పోయి, సాయంత్రం కనుబొమ్మల దాకా తవుడు దుమ్ముతో తిరిగొస్తుంది. ఇద్దరూ కలిసి నాలుగేళ్లు కూడబెట్టారు. సొంత ఆటోకు షోరూంలో ముందుగా కట్టాల్సిన డబ్బు, ఎనభై నాలుగు వేలు. నాకెలా తెలుసంటే, అడిగాను. చెప్పేవాళ్లను ఒకసారి అడుగుతాను, చెప్పనివాళ్లను రెండుసార్లు అడుగుతాను. దసరాకు బండి ఇంటి ముందు నిలబడాలని, వెనక అద్దం మీద కూతురు సోని పేరు రాయించాలని దేవ్లి ఆశ. డబ్బు మాత్రం మోతీరాం ఖాతాలో ఉండేది. అదే తప్పయింది.

వినాయక నిమజ్జనం రోజు పొద్దున ఆటో స్టాండులో లక్‌పతి బండి చుట్టూ తిరిగి, వెనక లైటు పగిలి ఉండడం చూశాడట. లోపల ఎనిమిది మంది కూర్చుని ఉన్నారు. అందరూ వింటుండగానే మొదలుపెట్టాడు.

“కిరాయి బండి గదా అని గిట్ల తిప్పుతున్నవా బావా? నీ సొంతమైతే తెలుస్తుండె. ఇగ నీ జన్మల నీ సొంతమయ్యేది ఉన్నదా?”

తాళంచెవి లాక్కుని, ఎక్కినవాళ్లందరినీ దింపి వేరే ఆటోలో ఎక్కించాడు. దిగినవాళ్లలో సోనికి చదువు చెప్పే టీచర్ కూడా ఉంది. అరగంట తర్వాత తాళంచెవిని సీటు మీదికి విసిరేసి పోయాడు.

ఇదంతా నాకు తర్వాత తెలిసింది. మధ్యాహ్నం మోతీరాం ఇంటికి వచ్చి గోడవైపు తిరిగి కూర్చున్నప్పుడు నాకేమీ తెలియదు.

“ఏందిరా, గిప్పుడే వచ్చినవు?”

“ఏం లేదవ్వా.”

“ఏం లేకుంటె మొఖం గట్లెందుకున్నది?”

“మొఖం గట్లనే ఉంటదవ్వా. దేవుడు గట్లనే పెట్టిండు.”

అన్నం పెడతానంటే వద్దన్నాడు. ఖాళీ కడుపుతోనే నాలుగింటికి మంటపం దగ్గరికి వచ్చాడు.

మా గల్లీలో నిమజ్జనానికి ముందు లడ్డు వేలంపాట ఉంటుంది. తొమ్మిది రోజులు వినాయకుడి చేతిలో ఉన్న లడ్డు దక్కితే ఆ ఏడాది ఇంట్లో మంచి జరుగుతుందని నమ్మకం. పోయినేడు ఇరవై రెండు వేలకు పోయింది. అదే ఎక్కువని చెప్పుకున్నాం. కమిటీ పెద్ద హరనాథబాబు, బట్టల దుకాణం ఆయన, మైకు పట్టుకున్నాడు. లక్‌పతి ముందు కుర్చీలో కాలు మీద కాలు వేసుకుని కూర్చుని పది వేలన్నాడు. వెనక నుంచి మోతీరాం పదకొండన్నాడు.

లక్‌పతి తిరిగి చూశాడు. “బావా, లడ్డు గూడ కిరాయికి ఇస్తరనుకున్నవా?”

జనం నవ్వారు. చేసిందంతా ఆ నవ్వే. పదకొండు ఇరవై అయింది, ఇరవై నలభై అయింది. నలభై దాటాక మిగతావాళ్లంతా ఆగిపోయి, వీళ్లిద్దరే మిగిలారు. “మోతీరాం పాట” అని హరనాథబాబు మైకులో అన్నప్పుడల్లా డప్పులు మోగాయి. మోతీరాం మైకు వైపు చూడలేదు, లడ్డు వైపు చూడలేదు. లక్‌పతి మెడ వెనక భాగాన్నే చూస్తున్నాడు.

ఇక్కడ నా తప్పు కూడా చెప్పాలి. నేనూ అరిచాను. “తగ్గకురా, పాడు” అని చెయ్యెత్తి మరీ అరిచాను. లక్‌పతి అంటే నాకూ పడదు. ఎవరి జేబులో డబ్బుతో నేను లక్‌పతి మీద కక్ష తీర్చుకుంటున్నానో ఆ క్షణాన తోచలేదు.

ఎనభై వేల దగ్గర లక్‌పతి పాడాడు. మోతీరాం ఎనభై ఒకటన్నాడు. లక్‌పతి నవ్వి, రెండు చేతులూ జోడించి కూర్చున్నాడు. ఒకటోసారి, రెండోసారి, మూడోసారి.

మోతీరాం డప్పులతో లడ్డు తలమీద పెట్టుకుని ఇంటికి వచ్చేసరికి దేవ్లి అప్పుడే మిల్లు నుంచి వచ్చి గడపలో నిలబడింది. ఆ ఇద్దరూ పోట్లాడుకుంటే తమ తండా భాషలోనే పోట్లాడుకుంటారు, నాకు సగమే అర్థమవుతుంది. ఆ రోజు నేను వినాలనే దేవ్లి తెలుగులో అడిగింది.

“ఎంతకు తెచ్చినవు?”

డప్పు కొట్టేవాడు హుషారుగా చెప్పాడు. “ఎనభై ఒక్క వేలక్కా. మన గల్లీల రికార్డ్.”

“ఇగ మూడు వేలెందుకు ఇడిసిపెట్టినవు? గవి గూడ పాడకపోయినవు?”

“లక్‌పతి నన్ను అందరి ముంగట…”

“తిట్టినోడు లక్‌పతి. నాలుగేండ్ల నా నడుము మీద ఎందుకు కొట్టినవు?”

దేవ్లి హారతి ఇవ్వలేదు, పక్కకు జరిగి దారి మాత్రం ఇచ్చింది.

మర్నాడు పొద్దున్నే నేను హరనాథబాబు దుకాణానికి పోయాను. షట్టర్ సగమే లేచి ఉంది, వంగి దూరాను.

“గా పాట రద్దు చెయ్యి. కోపంల పాడిండు వాడు.”

“దేవుని పాట రద్దు గాదవ్వా. అయినా తొందరేమున్నది? వచ్చే చవితి లోపల కడితె చాలు గదా, ఎప్పటి పద్ధతే.”

“ఆటో నడిపెటోడు ఏడాదిల ఎనభై ఒక్క వేలు ఏడికెళ్లి తెస్తడు?”

“తేకుంటె గొంతు పట్టుకుంటమా? లక్‌పతి మొన్నటేడు పాడిన పద్దెనిమిది వేలే ఇంక ఇయ్యలేదు. అడుగుతున్నమా?”

ఆ మాట వినగానే నాకు ఒళ్లు మండింది, ప్రాణం కూడా లేచొచ్చింది. దాదాపు పరుగు లాంటి నడకతో ఇంటికి వచ్చాను. మోతీరాం స్నానం చేసి, ఉతికిన చొక్కా తొడుక్కుని, నెమ్మదిగా చాయ్ తాగుతున్నాడు. కోపం దిగిందనుకున్నాను. ఈ సంగతి వింటే నవ్వుతాడు, ఆటో ముందు కొనుక్కుని లడ్డు డబ్బులు మెల్లగా కడతాడనుకున్నాను. అంతా చెప్పాను.

గ్లాసు కింద పెట్టాడు. “అంటె వాడు ఇయ్యకుంటనే పాడిండు.”

“అవునురా. అందుకే నువ్వు గూడ తొందరపడకు. చవితి దాకా…”

“నేను వాని లెక్క గాదవ్వా.”

అంతే. ఎంత ఆపినా వినలేదు. పదిన్నరకు బ్యాంకు తెరవగానే డబ్బు తీశాడు. హరనాథబాబు దుకాణంలో బల్ల మీద పెట్టి, నలుగురూ వినేలా పైకి లెక్కబెట్టమన్నాడు. హరనాథబాబు వద్దని కూడా అన్నాడట, సగం ఇప్పుడిచ్చి సగం తర్వాత ఇవ్వమన్నాడట. “మొత్తం తీస్కో. లక్‌పతికి ఫోన్ చేసి చెప్పు, మోతీరాం బాకీ లేడని” అని వచ్చేశాడు.

లక్‌పతికి ఆ కబురు ఎంత దెబ్బ తగిలించిందంటే, సాయంత్రం స్టాండులో మోతీరాం భుజం తట్టి, “మంచిగ చేసినవు బావా, రేపు పొద్దుగాల బండి తీస్కపో, కిరాయి మరువకు” అన్నాడు.

ముందు రోజు పాడిన పాటను నేను క్షమించగలను. ఆకలి కడుపు, అవమానం, మైకు, డప్పులు, నాలాంటి వాళ్ల అరుపులు. మనిషన్నవాడు తూలుతాడు. కానీ రాత్రంతా పడుకుని లేచి, తలస్నానం చేసి, గుండీలు సరిగ్గా పెట్టుకుని బ్యాంకుకు పోయాడే, దానికే నా కోపం. అరిచే కోపాన్ని అందరం గుర్తుపడతాం, పక్కకు లాగుతాం. మర్నాడు అదే కోపం పరువు, మాట నిలబెట్టుకోవడం అని పేరు మార్చుకుని వచ్చింది. మోతీరాం గుర్తుపట్టలేదు. నేను కూడా గుర్తుపట్టలేదు.

ఆ సాయంత్రం దేవ్లి నా వాకిట్లోకి వచ్చింది. ముఖం కూడా కడుక్కోలేదు.

“లక్‌పతి పైసలియ్యలేదని ఆయనకు ఎవలు చెప్పిండ్రవ్వా?”

“నేనే.”

“నీకు తెలిసిన ముచ్చట నాకు చెప్పకుంట ఆయనకెందుకు చెప్పినవు? మిల్లు ఎంత దూరమున్నది?”

పది నిమిషాల నడక. లడ్డు గల్లీ అంతా పంచారు. నా వంతు ముక్క సోని తెచ్చిచ్చింది. దేవుడిది కదా, పారేయలేక తిన్నాను.

దసరా రోజు పొద్దున మా ఇంటి ముందు ఆటో నిలబడింది, లక్‌పతిదే. కడిగేది నడిపేవాడు, గుమ్మడికాయ కొట్టేది బండి గలాయన. మోతీరాం చక్రాల సందుల్లో బురద కూడా గోకి, బంతిపూల దండ కట్టాడు. పూజకు స్టాండుకు తీసుకుపోతూ నా దగ్గర ఆగాడు.

“అవ్వా, దినాం యాభై రూపాయలు నీ దగ్గర పెడ్త. నేనడిగినా ఇయ్యకు.”

“నాకెందుకు? నీ పెండ్లానికియ్యి.”

“మాట్లాడుతలేదు గదా.”

నేను దేవ్లిని అడిగాను. పండగ పూట పనికి వస్తే రెండింతల కూలి ఇస్తారని ఆమె మిల్లుకు బయల్దేరుతోంది. తన పేరు మీద కొత్త ఖాతా తెరిచానని చెప్పింది. అతనిచ్చే యాభై సోని చేత తీసుకుంటుందట. మళ్లీ మొదటి నుంచి, ఇంకో నాలుగేళ్లు.

“మల్ల పైసలు తియ్యాల్నంటె?” అన్నాను.

“ఒక్కటే షరతవ్వా. లక్‌పతిని కలిసిన దినం పైసల మాట ఎత్తద్దు, సోనితోని చెప్పిస్త.”

“కిరాయి ఇయ్యనీకి దినాం కలుస్తడు గదనే.”

“అవు,” అంది దేవ్లి, కొంగు తలకు చుట్టుకుంటూ. “దినాం కలుస్తడు.”