పూత పోయిన తుపాకీ

ఆ మధ్య గన్నవరం బస్సులో అమ్మకానికి నా చేతిలో ఉన్న గిల్టు గాజులు చూసి, పక్కసీటావిడ "అన్నయ్యగారూ, తుడిస్తే పూత పోతుందా?" అంది. బేరం తగిలిందనుకున్నాను.

ఆవిడ గల్ఫ్‌లో ఇంటిపని చేస్తుందట. సెలవు అయిపోయి విమానానికి వెళ్తోంది. యజమాని హాల్లో బంగారుపూత తుపాకీ ఉందట. యుద్ధంలో శత్రువు దగ్గర లాక్కున్నదని వచ్చినవాళ్లందరికీ చూపిస్తాడట. ఈమధ్యే దాని పూత ఒకచోట పోయింది, ఈవిడే గోకిందని ఆయన అనుమానం.

"గుడ్డకి పోదమ్మా. రోజూ వేలు రాసుకుంటేనే పోతుంది," అన్నాను గ్యారంటీ ఇస్తున్నట్టు. "ఎక్కడ పోయింది?"

ఆవిడ చూపుడువేలు మడిచింది. "ట్రిగ్గరు మీదండీ. నేనసలు అక్కడ ముట్టుకోను. మరి రోజూ నొక్కుతోందెవరు?"

ఎయిర్‌పోర్టు దగ్గర బస్సు ఆగింది. "వెళ్లొచ్చంటారా?" అంది.

ఏదడిగినా టక్కున ధర చెప్పే నేను "జాగ్రత్తమ్మా" అన్నాను. వెళ్లమన్నానో, వద్దన్నానో నాకే తెలీదు. ఆవిడ మాత్రం అర్థమైనట్టు తలూపి, పెట్టె తీసుకుని దిగిపోయింది.