చీటీలమ్మ మొగుణ్ణి

మొన్న మధురవాడలో ఒక కాలేజీవాళ్లు మా ఆవిడ చేత ఉపన్యాసం ఇప్పించి, శాలువా కప్పి, పేద దేశాల్లో సంస్కరణలు ఒకచోట వేరూని ఇంకొకచోట ఎందుకు ఎండిపోతాయో జీవితమంతా పరిశోధించిన ఆర్థికశాస్త్రవేత్త అని పొగుడుతుంటే, ముందు వరసలో కూర్చున్న నాకు మాత్రం మా పాత స్కూటరు వెనక సీటు మీద కుచ్చిళ్లు ఒడిసిపట్టుకుని కూర్చున్న పడుచుపిల్ల కళ్లకు కట్టింది. శాలువా ఆమెకే కప్పారు గానీ వెచ్చదనం నాకు తగిలింది, దాచుకోవడం దేనికి!

అప్పట్లో నాకు ఉక్కు కర్మాగారంలో ఉద్యోగం, కూర్మన్నపాలెంలో అద్దె ఇల్లు. షిఫ్టు దిగి మొహం కడుక్కుని ఆమెను పరిశోధన కోసం ఒక జాలరిపల్లెకు తీసుకెళ్లేవాణ్ణి. అక్కడ చేపల వేలంపాట కోసం సర్కారువారు సిమెంటు నేల, రేకుల కప్పు, కొళాయిలతో షెడ్డు కట్టించి, వచ్చిన వరసలో చీటీ తీసుకుని పాడుకోమంటే, చేపలు కొని అమ్ముకునే ఆడవాళ్లు అటు తొంగిచూడకుండా ఎండలో ఇసకలోనే పాడుకునేవారు. వాళ్లకు తెలివి లేదని ఆఫీసర్లు తేల్చేశారు. కారణం పట్టుకోలేకపోతే ఈ విషయం వదిలేయమని మా ఆవిడకు గైడుగారు చెప్పేశారు. చంటిపిల్లతో ఇంకో విషయం మొదలుపెట్టే ఓపిక లేదు. వదిలితే ఆ చదువు అంతటితో సరి.

అప్పుడామె ప్రశ్నలడగడం మానేసి, వాళ్ల పక్కనే ఇసకలో చతికిలబడి చూడటం మొదలుపెట్టింది. ఒక ఉదయం, భర్త పోయి కర్మలు ముగిశాక ఒకామె మళ్లీ ఒడ్డుకొచ్చి మొదటి తట్టకు ధర చెప్పగానే, అంతవరకూ గొంతు చించుకుంటున్నవాళ్లంతా నోరు మూసుకున్నారు. చావింటి నుంచి వచ్చిన మనిషి మీద పోటీ పాడకూడదన్నది ఆ పల్లె కట్టుబాటట. చీటీల వరసలో దానికి చోటు లేదు, అదీ సంగతి!

మొదటి తట్ట ఎవరికన్నది ఆడవాళ్లకే వదిలి, రెండోదాని నుంచి చీటీలు పెట్టమని ఆఫీసుల చుట్టూ చెప్పులరిగేలా తిరిగింది. ముందు నవ్వారు, తర్వాత విసుక్కున్నారు, ఆఖరికి ఒప్పుకున్నారు. షెడ్డు తిరునాళ్లలా నిండిన రోజున, స్టాండు వేయడం మరిచి నేను చూస్తూ నిలబడితే స్కూటరు కాస్తా ఇసకలో పడింది. అప్పట్నుంచి ఆ పల్లెలో ఆమె చీటీలమ్మ, నేను చీటీలమ్మ మొగుణ్ణి. కర్మాగారంలో నాకొచ్చిన ఏ ప్రమోషనూ ఆ పదవికి సాటిరాలేదు. తర్వాత ఆమె ఎన్ని దేశాలు తిరిగినా చెప్పింది ఒకటే, కొత్త పద్ధతి పెట్టేముందు పాత కట్టుబాటు ఎవరిని కాస్తోందో చూడమని.

కాలేజీ నుంచి తిరిగొస్తూ క్యాబు అటు తిప్పించాను. షెడ్డు ఉంది, పాటే లేదు. పడవ ఒడ్డు చేరకముందే బేరాలు ఫోన్లలో అయిపోతున్నాయట. ఐసుపెట్టె పక్కన కూర్చున్న ఒక ముసలమ్మ మా ఆవిడను ఎగాదిగా చూసి, "మా ఆయన పోయినప్పుడు ఈ సెడ్డులోన మొదటి తట్ట నాకే ఇడిసిపెట్నారు. ఆ సీటీలమ్మవి నువ్వే కదేటి?" అంటూ లేచి చేతులు పట్టుకుంది. నాకు కళ్లు చెమర్చాయి.

కానీ ఫోనులో పాడేవాళ్లకు ఎవరింట చావు జరిగిందో ఎలా తెలుస్తుంది? దారిలో ఆ మాటే అడిగాను. మా ఆవిడ శాలువా మడిచి ఒళ్లో పెట్టుకుంది. ఇంటి ముందు దిగుతూ, రేపు పొద్దున్నే మళ్లీ అక్కడికి వెళ్దామంది. స్కూటరు అమ్మేసినందుకు మొదటిసారి బాధేసింది.