మోగని హెల్మెట్

ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి, ఆ ఫ్యాను చప్పుడులో నా మాట సగం కొట్టుకుపోతుంది. ఆ రోజుల్లో భిలాయిలో మా ఇళ్ళల్లో హెల్మెట్ అంటే స్టీలు ప్లాంటుకి పెట్టుకెళ్ళేదే. డ్యూటీ నుంచి రాగానే తలుపు వెనక మేకుకి తగిలించేవారు, పాతబడితే మేం అందులో ఉల్లిపాయలు పోసుకునేవాళ్ళం. రోడ్డు మీద బండికి వేరే హెల్మెట్ ఉంటుందనీ, దాన్ని ఎంచడం పెళ్ళికొడుకుని ఎంచడం కన్నా కష్టమనీ నాకు పెళ్ళయిన కొత్తలో తెలిసింది. (పెళ్ళికొడుకుని నేను ఎంచలేదు లెండి, మేనత్త కొడుకే మొగుడయ్యాడు. అందుకే ఇప్పటికీ బావా అనే పిలుస్తాను.)

బావ ప్లాంటులో పట్టాలు తయారుచేసే రైల్ మిల్లులో పనిచేసేవాడు. సెక్టర్ 7లో కింది క్వార్టరు మాది. అప్పుడే కొత్త మోటారు సైకిల్ కొన్నాడు. అదే షిఫ్టులో ఒక స్నేహితుడుండేవాడు, నిదానంగా నడవడం కూడా రాదని అందరూ అతన్ని తుఫాను అనేవారు. ఆ తుఫాను ఒకరోజు మా ఇంట్లో టీ తాగుతూ, ఇద్దరం చెరో బండి మీద విజయనగరం దాకా వెళ్ళొద్దామన్నాడు. బావ సరే అన్నాడు. నా చేతిలో జల్లెడ అలాగే ఆగిపోయింది. దారిలో కేస్కాల్ ఘాట్ కొండమలుపులు, ఆపైన అడవి, చివర సాలూరు ఘాట్. ఆ సాలూరు ఘాట్ నేను బస్సులో కళ్ళు మూసుకుని దిగినదాన్ని. ఒక్కసారి తెరిచాను, కింద లోయలో ఒక లారీ బొద్దింకలా వెల్లకిలా పడి కనిపించింది.

"రైలున్నాది గదా బావా?" అన్నాను.

"రైల్లో ఏటుంటాదే? కిటికీ ఉంటాది," అని తుఫాను వైపు చూసి నవ్వాడు.

వద్దంటే పెళ్ళానికి భయపడ్డాడని మిల్లంతా ఏడిపిస్తారు. ఊరుకుంటే నాకు నిద్ర పట్టదు. రాత్రంతా ఆ బొద్దింక లారీయే కళ్ళ ముందు తిరిగింది. పొద్దున్నే చెప్పాను, "ఎల్లు బావా. గాని హెల్మెట్ నానే ఎంచుతాను." అతని ముఖం కాస్త వాడింది. రంగు తనే చూసుకోవాలని ఉందేమో అనుకున్నాను.

క్యాంప్ 2లో దుకాణం. గోడ నిండా తలకాయలు వేలాడుతున్నట్టుంది. ఘాట్‌లో కంకరకీ దుమ్ముకీ, మంచి రోడ్డు మీద గాలికీ, అన్నిటికీ ఒక్కటే పనికిరావాలి. గడ్డం దాకా మూయాలి, కళ్ళకి అద్దం ఉండాలి, ఎండ పడకుండా నుదుటి మీద చూరు ఉండాలి. నాకొచ్చిన హిందీ అంతా కూడగట్టుకుని, "భయ్యా, చూరా వాలా దిఖావో," అన్నాను.

అతను తెల్లబోయాడు. "హెల్మెట్ కా చూరా? క్యా కరోగే దీదీ?"

బావ పగలబడి నవ్వాడు. "ఇక్కడోళ్ళకి చూరా అంటే పొడే! హెల్మెట్ పొడి అడిగావే నువ్వు!" అంటూ, బయట బండి దగ్గరున్న తుఫానుకి ఆ ముక్క చెప్పడానికి పరిగెత్తాడు. నాకు నవ్వు రాలేదు. బయల్దేరకముందే నా నోటి వెంట పొడి అన్న మాట ఎందుకొచ్చిందని లెంపలేసుకున్నాను.

ఇక నా పరీక్ష మొదలుపెట్టాను. మా అమ్మ సంతలో కుండ కొంటే వేలితో కొట్టి చూసేది. ఖంగుమంటే తీసుకునేది, దబ్బుమంటే బీట ఉందని పక్కన పెట్టేది. నేనూ ఒక్కో హెల్మెట్‌నీ వేలి కణుపుతో కొట్టాను. దబ్. దబ్. దబ్. దుకాణం నిండా బీటలేనా అనుకున్నాను. చివరికి గుమ్మం మీద వేలాడుతున్న ఎర్రది ఖంగుమంది! దుకాణం భయ్యా, "దీదీ, వో తో షో కా హై," అన్నాడు. షోకుగా ఉందంటున్నాడు కాబోలని మురిసిపోయి, అదే పట్టుబట్టి తెచ్చుకున్నాను.

ఇంటికొచ్చినా బెంగ తీరలేదు. మనిషి తల పెట్టి చూడలేం కదా! కొబ్బరికాయకి పాత తువ్వాలు చుట్టి, ఎర్ర హెల్మెట్‌లో కూర్చోబెట్టి, పట్టీ బిగించి, మా పై క్వార్టరులో ఉండే పిన్ని బాల్కనీ నుంచి కిందకి వదిలాను. ఫెళ్ళుమంది. దిగి చూస్తే హెల్మెట్ రెండు చెక్కలు, కాయ నాలుగు ముక్కలు, తువ్వాలంతా నీళ్ళు.

"బండికి కొబ్బరికాయ కొట్టీసినట్టేనే, ఇంకేటి బెంగ?" అంది పిన్ని పైనుంచి. నేను ఆ ముక్కల పక్కనే కూలబడి ఏడ్చాను. అది కాయ కాదు కదా, నా కంటికి బావ తల.

మర్నాడు ఆ చెక్కలు సంచిలో వేసుకుని దుకాణానికి వెళ్ళాం. భయ్యా నెత్తి కొట్టుకున్నాడు. "బోలా థా నా దీదీ, షో కా హై! అందర్ కుచ్ నహీ!" చూపించడానికి వేలాడదీసిన ఉత్త డొల్లట అది. దబ్బుమన్నవాటి లోపల చెయ్యి పెట్టి చూశాను. మందంగా తెల్లటి థర్మాకోల్. బీట అనుకున్నది ఆ మెత్తదనమే! అయినా నమ్మకం చాలక పక్క కొట్లో ఇంకో కొబ్బరికాయ కొని, తెల్లటి చూరు హెల్మెట్‌కి కట్టి, అతను "అరే దీదీ, అరే దీదీ!" అంటుండగానే దుకాణం మేడ మెట్లెక్కి పైనుంచి వదిలేశాను. దబ్బుమంది. కాయ తీసి చెవి దగ్గర ఊపితే, లోపల నీళ్ళు గలగలమన్నాయి. ఎంత హాయి అనిపించిందో చెప్పలేను. అయితే ఒకసారి దెబ్బ తిన్నది మళ్ళీ తలకి పనికిరాదన్నాడు భయ్యా. దానికీ డబ్బు కట్టి, అలాంటిదే ఇంకోటి కొన్నాం, కొబ్బరికాయకొకటి, బావకొకటి.

బావ వెళ్ళినన్నాళ్ళూ గేటు చప్పుడైతే చాలు, చెయ్యి కడుక్కోకుండా పరిగెత్తేదాన్ని. ఒక సాయంత్రం నిజంగానే అతని బండి ఆగింది. అద్దం నిండా పురుగులు, చూరు నిండా ఎర్రమట్టి, గీత మాత్రం ఒక్కటీ లేదు. హెల్మెట్ నా ఒళ్ళో పెట్టి, తుఫాను వెళ్ళిపోయాడో లేదో చూసుకుని, గొంతు తగ్గించి అన్నాడు:

"నువ్వొద్దంటావనే ధైర్నంతో ఆడికి సరే అన్నానే. నువ్వేమో కొబ్బరికాయలు కొట్టి మరీ పంపించీసావు. సాలూరు ఘాట్‌లో నీలాగే కళ్ళు మూసుకోవాలనిపించింది. నడిపేవోడికి ఆ సుకం కూడా లేదు!"

కొబ్బరికాయ హెల్మెట్ ఇప్పటికీ మా వంటింట్లో ఉంది, ఉల్లిపాయలతో. ఉల్లిపాయ కోసం చెయ్యి పెట్టినప్పుడల్లా ఒకసారి కొట్టి చూస్తాను. దబ్బుమంటుంది. సంచిలో పగిలిన చెక్కలు పెట్టుకుని దుకాణం మెట్లెక్కిన ఆ వెర్రిపిల్ల గుర్తొచ్చి నవ్వొస్తుంది. అంత భయం మళ్ళీ పడే ఓపిక ఇప్పుడు నాకెక్కడిది? సరే, పొద్దుపోయింది, వెళ్ళిరండి. మీ ఇంట్లోంచి బయటికెళ్ళిన ప్రతి తలా సాయంత్రానికి మీ ఇంటి దిండు మీదే వాలుగాక.