భోజనం సీనులో సత్తెమ్మ

పక్కింట్లో కుక్కర్ కూత పెడితే చాలు, ఇప్పటికీ నా మాట సగంలో ఆగిపోతుంది. కోదాడలో ఒక ఇల్లు కిరాయికి తీసుకుని, ఫోన్లలో చూసే కామెడీ సీరియల్ తీసేవాళ్లం. నేను ఎడిటర్ని. మాటలు అక్కడికక్కడే రికార్డయ్యేవి కాబట్టి ఫ్యాన్లు బంద్. చుట్టుపక్కల ఏ కుక్కర్ కూసినా షాటు మళ్లీ మొదటికే. అందరం చెమటలు కక్కుతూ విసుక్కుంటుంటే, నాయనమ్మ వేషం వేసే సత్తెమ్మ మాత్రం “ఇంకోపారి తీద్దాం తియ్యి, ఏం పోయింది?” అనేది.

ఆమె అంగన్‌వాడీ టీచరుగా చేసి మానేసింది, మిర్యాలగూడ నుంచి బస్సులో వచ్చేది. పెద్ద ఎడిటర్నని నాకప్పట్లో కొమ్ములుండేవి. జోకు పడగానే టక్కున కట్ చేసేవాణ్ని. ఒకరోజు నా వెనక నిలబడి చూసి, “గంత తొందరేంది బిడ్డా? ఇంట్ల ఒక్కతే కూసోని సూసేటామె నవ్వాలె గద. జర ఆగు” అంది. నా పని నాకు నేర్పింది ఆ ఒక్క మాటే.

భోజనం సీన్లలో అందరూ వేళ్లతో అన్నం కలుపుతూ నటిస్తారు, టేకు టేకుకీ తింటే కడుపులో పట్టదు కదా. సత్తెమ్మ నిజంగానే తినేది. పైగా సరిగ్గా చివరి మాట దగ్గరే తప్పేది. ఒకరోజు ఏడు టేకులు తిన్నది. డైరెక్టర్ సారుకు ఒళ్లు మండింది. “ఈ మతిమరుపు ముసలామెతో మన వల్ల కాదు. వచ్చే ఎపిసోడ్లో నాయనమ్మను చంపేద్దాం” అన్నాడు నాతో.

మర్నాడు ఆ ఫుటేజీ చూస్తుంటే, ప్రతిసారీ ‘కట్’ అన్నాక ఆమె పెదాలు అదే మాటను తప్పు లేకుండా అనుకోవడం కనిపించింది. వెళ్లి అడిగాను. తల దించుకుంది.

“మాట యాదికుంటది బిడ్డా. ఇంట్ల పదేండ్ల సంది ఒక్కదాన్నే తింట. గీడ కట్ అనేదాక అందరు నా పక్కన కూసుంటరు. సారుకు చెప్పకు, సిగ్గయితది.”

చెప్పలేదు. చెబితే ఉంచేవాడేమో. వద్దన్నది కదా అని సాకు దొరకబుచ్చుకుని నోరు మూసుకున్నాను.

సీరియల్లో చనిపోయిన నాయనమ్మకు దండ వేయడానికి ఫొటో సత్తెమ్మే తెచ్చింది. “అందరు తినేకాడ పెట్టుండ్రి” అంది. అక్కడే మేకు కొట్టాను. ఆ ఫొటో కింద భోజనం సీను మొదటి టేకుకే అయిపోయింది. గుమ్మం దగ్గర నిలబడి చూసి, సంచీ భుజాన వేసుకుని ఆమె బస్సుకు వెళ్లిపోయింది. కూసో అమ్మా, తిందాం అనే మాట నాకు నోటిదాకా వచ్చి ఆగింది.

ఇప్పుడు సూర్యాపేటలో ఏ హోటల్లో ఎవరు ఒంటరిగా తింటూ కనబడినా, ఆకలి లేకున్నా వెళ్లి ఎదురుగా కూర్చుంటాను. సత్తెమ్మ దగ్గర మాత్రం ఒక్క పూట కూడా కూర్చోలేదు.